మా అత్త కొంగున షెల్టర్ తాళంచెవి

మా అత్త చెంచమ్మ తన నీడను కూడా నమ్మదు. కోడలిని కాబట్టి అంటున్నానని అనుకోకండి, పాలెంలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. గ్యాసు బండ ఇంటికొస్తే రెండు చేతులా ఎత్తి ఊపి చూడందే గడప దాటనివ్వదు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది, గోరుతో గీరుతుంది, వాసన చూస్తుంది, ఇంత చేసి చివరికి కొనకుండా వచ్చేస్తుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో చేపల పులుసు చేస్తే ముందు పిల్లికి పెట్టింది. అది మూతి నాక్కుంటూ పోయాకే తాను చెయ్యి కడుక్కుంది. ఆ పిల్లికున్నపాటి మర్యాద ఆ ఇంట్లో నాకు దక్కేసరికి నా కూతురికి మాటలొచ్చాయి. అనుమానం పెనుభూతం అంటారు కదా, మా ఇంట్లో ఆ భూతానికి పూటపూటా అన్నం పెడతాం.

అలాంటి మనిషి చేతికే తుఫాను షెల్టర్ తాళంచెవి ఇచ్చారు. మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు కాస్త దిగువన, సముద్రం ఒడ్డునే ఉన్న పాలెం. తుఫానుకు అందరం తలదాచుకునే ఆ మేడ మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే ఊరుకుంటారా, ఒకరు చినిగిన వలలు తెచ్చి పడేస్తారు, ఇంకొకరు సీసాలు తెచ్చి ఖాళీ చేస్తారు. విసిగిపోయిన ఊరిపెద్ద మునెయ్య, "ఎవుర్నీ నమ్మని మనిషి కాడ ఉంటేనే తాళానికి మర్యాద" అని ఆ తాళంచెవిని మా అత్తకు అప్పగించాడు. ఆ రోజు నుంచి అది ఆమె కొంగు ముడిలోనే ఉంది. స్నానానికి వెళ్ళినా విప్పదు.

ఇక నా కూతురు ప్రత్యూష సంగతి. ఎనిమిదో తరగతిలో కామెర్లు ముదిరి ఏడాది మంచం పట్టింది. లేచాక, తనకంటే చిన్న తరగతి పిల్లల పక్కన కూర్చోనని మొండికేసింది. నేను అంగన్‌వాడీలో ఊళ్ళో పిల్లలందరికీ పాటలు చెప్పే దాన్ని, నా కూతురే బడి మానేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఓపెన్ స్కూల్లో పేరు రాయించి, పుస్తకాలు తెచ్చి ముందు పడేశాను. పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి, చెప్పేవాళ్ళు మాత్రం లేరు. చుట్టుపక్కల అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. రొయ్యల గుంటల గట్ల మీద కాపలా ఉండే వాళ్ళ పిల్లలు, తమ్ముళ్ళను ఎత్తుకుని ఇంటి పట్టున ఉండిపోయిన ఆడపిల్లలు. అందరూ ఇంట్లోనే చదువుతున్నట్టు లెక్క. ఆ చదువు ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

వాళ్ళ కోసం వచ్చింది సుభాషిణి టీచరు. బుచ్చిరెడ్డిపాలెం మనిషి, అక్కడ వాళ్ళది వడ్ల వ్యాపారం. నెల్లూరులో పెద్ద స్కూల్లో చెప్పి మానేసిందట. ప్రతి బుధవారం పొద్దున బస్సు దిగి మలుపు నుంచి ఇసుకలో నడుచుకుంటూ వస్తుంది. సాయంత్రం దాకా ఒక్క రోజులో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పి, మళ్ళీ బుధవారం దాకా ఇంట్లో చేసుకోవలసిన పని ఇచ్చి పోతుంది. మునెయ్య షెల్టర్ వాడుకోమన్నాడు. మా అత్త తలుపు తీసింది, కానీ ఆ తలుపు దగ్గరే పీట వేసుకుని, వీపు రోడ్డు వైపు పెట్టి, మొహం లోపలికి తిప్పి కూర్చుంది. ఒళ్ళో ఎండు నెత్తళ్ళ చేట. చేతులు నెత్తళ్ళ తలలు తుంచుతున్నాయి, కళ్ళు మాత్రం టీచరు మీదే.

"ఫీజు వద్దంటండాది" అంది నాతో ఆ రాత్రి అన్నం దగ్గర.

"మంచిదే గదత్తా."

"ఏం మంచిది? ఊరికే ఎవురైనా ఇసకలో నడస్తారా? గాలానికి ఎర ముందు గుచ్చుతారు, చేప తర్వాత."

మా పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డున నిలబడి అందరం కలిసి అలివి వల లాగేటప్పుడు తాడు పట్టిన వాళ్ళెవరైనా సరే, దారిన పోయేవాడైనా సరే, వట్టి చేతులతో పోకూడదు. వాటా తీసుకోవాలి. ఇచ్చిన వాటా వద్దన్నాడంటే మాతో పగ పెట్టుకున్నట్టే. ఫీజు వద్దంటే వద్దు, పిల్లలకు చెప్పడమూ తాడు పట్టడమే కదా అని, బుధవారానికి ఒక ఇల్లు చొప్పున టీచరుకు చేపలివ్వాలని మునెయ్య చెప్పాడు. మొదటి రోజు ఆయన భార్యే కవరు నిండా కానాగంత చేపలు తెచ్చింది. టీచరు చేతులు కాస్త వెనక్కి పోయాయి. పక్కనున్న ప్రత్యూష ఆమె చెవిలో ఏదో చెప్పింది. అప్పుడు రెండు చేతులా అందుకుంది. ఇదంతా నేనూ చూశాను, కానీ చూసి మర్చిపోయాను. మా అత్త మర్చిపోయే రకం కాదు.

"చేతులు ఎనక్కి ఎందుకు పోయినాయి?" అని పడుకోబోతూ కూడా అడిగింది.

ఆ తర్వాత మా అత్త టీచరు వెనకాలే కాపు కాయడం మొదలుపెట్టింది. సాయంత్రం క్లాసు అయిపోగానే, మేక తప్పిపోయిందనో పుల్లలకనో సరుగుడు తోపులోంచి మలుపు దాకా పోయేది. మాకు మేకే లేదు. ఒక బుధవారం రొప్పుతూ వచ్చి నన్ను దొడ్లోకి లాక్కుపోయింది.

"చూసినా వనజా. నా కళ్ళతో చూసినా. మనమిచ్చిన చేపలు తీసకపొయ్యి ఆ రొయ్యల షెడ్డు వ్యానోడి చేతిలో పెట్టింది. వాడు నవ్వతా తీసుకున్నాడు. ఇద్దరూ మన పాలెం పక్కకి తిరిగి ఏందో మాట్లాడుకున్నారు."

ఆ వ్యాను సంగతి మా తీరమంతటికీ తెలుసు. పొద్దున్నే వస్తుంది, పాలేల్లో బడి మానేసిన ఆడపిల్లలను ఎక్కించుకుని రొయ్యలు ఒలిచే షెడ్డుకు తీసుకుపోతుంది. మంచు నీళ్ళలో నానిన వేళ్ళతో సాయంత్రం దింపుతుంది. ఒకసారి ఆ వ్యాను ఎక్కిన పిల్ల మళ్ళీ పుస్తకం పట్టడం నేను చూడలేదు.

"పిల్లల్ని ఒక చోట చేరస్తండాది. ఎవురెవురు ఇంటికాడ ఉండారో, ఎవురి వయసెంతో అన్నీ అడిగి తెలుసుకునింది. ఇంక వాడికి అప్పజెప్పడమే" అంది మా అత్త.

నేను కాదనలేకపోయాను. ఆమె అనుమానం నాకు తెలుసు, ఆమె తప్పుడు మాట చెప్పదనీ తెలుసు. మాట మునెయ్య దాకా పోయింది. మరుసటి బుధవారం టీచరు వచ్చేసరికి షెల్టర్‌కు తాళం వేసి ఉంది. మావాళ్ళకు ఒక పాడు గుణం. మనసులో అనుమానం ఉంటే నోటితో అడగరు. "సున్నం కొట్టాల, ఇంక కొన్నాళ్ళు రాబాకమ్మా" అని మునెయ్య గోడ వైపు చూస్తూ చెప్పాడు. ఆమె తాళం వంక, మా అత్త కొంగు వంక చూసింది. "పరీక్షలు దగ్గరికొచ్చాయి, వీలైనంత త్వరగా కొట్టించండి" అని ప్రత్యూష భుజం తట్టి వెళ్ళిపోయింది. సున్నం డబ్బా ఆ గోడ దగ్గరికి ఎవరూ తేలేదు.

క్లాసు ఆగిపోయాక ప్రత్యూష పుస్తకాలు అటక ఎక్కాయి. ఆ పిల్ల ఏడిస్తే నేను ఓదార్చేదాన్ని, ఏడవలేదు, దానికే నాకు భయమేసింది. ఊరికే గోడకానుకుని కూర్చునేది. చివరికి ఒక రోజు నా మొగుడు వినోద్ పడవ దగ్గర నుంచి వచ్చి అన్నాడు.

"ఎట్టాగూ చదువు ఆగిపొయ్యింది. ఇంట్లో కూర్చోని ఏం జేస్తాది? షెడ్డుకన్నా పోనీ."

"పోతాలే నాయనా" అంది ప్రత్యూష.

నేను అరిచాను, గిన్నె విసిరాను, రెండు రోజులు వంట మానేశాను. వినోద్ పట్టించుకోలేదు. విడ్డూరం చూడండి. ఏ వ్యానుకు భయపడి మా అత్త తాళం వేసిందో ఆ వ్యాను ఇప్పుడు మా గుమ్మం ముందుకే రాబోతోంది. ఆమె కొంగు ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చుంది.

సోమవారం పొద్దున వ్యాను వచ్చింది. ప్రత్యూష అన్నం డబ్బా పట్టుకుని నిలబడింది. వ్యాను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మా అత్త వెళ్ళి డ్రైవరు కిటికీ పట్టుకుంది. అతని పేరు టైటస్, ముత్తుకూరు వైపు మనిషి.

"నువ్వు ఆ టీచరు కాడ చేపలెందుకు తీసుకుంటివి? నిజం చెప్పు. చెప్పకపోతే ఈ వ్యాను ఇక్కడ్నించి కదలదు."

అతను మా అత్తను ఎగాదిగా చూశాడు. "ఆమె చేప తినదు పెద్దమ్మా. వాళ్ళింట్లో ఎవురూ తినరు. కోమట్లు గదా. మొదటి రోజు ఆ కవరు పట్టుకోని మలుపు కాడ దిక్కు తెలీకుండా నిలబడుండాది. పారెయ్యడానికి మనసు రాలేదంట."

"తినకపోతే తిననని చెప్పొచ్చు గదా మాకు?"

"వద్దంటే మీ పాలెంతో పగంట గదా. ఎవురో పాప చెప్పిందంట."

ప్రత్యూష మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది. "నేనే అవ్వా చెప్పింది" అంది చిన్నగా.

టైటస్ అప్పుడు ఆ పిల్లను చూశాడు. "నువ్వు ఆమె కాడ చదివే పాపవా?"

అది తల ఊపింది.

"అయితే ఎక్కబాకమ్మా. నేను ఎక్కించుకోను. ఊరికే చేపలియ్యలేదు పెద్దమ్మా ఆమె. షెల్టర్లో చదివే పిల్లలు ఎవురొచ్చినా నా వ్యాను ఎక్కించుకోనని నా చేత ఒట్టేయించుకునింది. ఆ చేపలు నేను తిన్నా. ఒట్టు తప్పలేను."

హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద ముగ్గురమూ ఆడవాళ్ళం నిలబడిపోయాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా అత్త మాత్రం వ్యాను కనబడినంత దూరం చూసి, "అబద్ధమైతే?" అంది. అప్పుడు ఆమెను నరికేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

ఆ పూటే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి బుచ్చిరెడ్డిపాలెం వెళ్ళింది. టీచరు తలుపు తీసి, మమ్మల్ని చూసి కంగారుపడి, కుర్చీలు వేసి మంచినీళ్ళకు వెళ్ళబోయింది. మా అత్త ఆమెను దాటుకుని నేరుగా వంటింట్లోకి పోయింది. గిన్నెల మూతలన్నీ ఎత్తి ఒక్కొక్కటీ వాసన చూసింది. పప్పు, వంకాయ కూర, చారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. బయటికొచ్చి, "నిజమే, నీసు వాసన లేదు" అంది నాతో, ఆ ఇంటి మనిషి అక్కడ లేనట్టే.

తర్వాత కుర్చీలో కూర్చుని టీచర్నే అడిగింది. "నీకేం మిగుల్తాది ఇందులో?"

సుభాషిణి టీచరు నవ్వలేదు, నొచ్చుకోలేదు. "నన్నూ మా నాన్న తొమ్మిదితో బడి మాన్పించారు. ఒక మాస్టారు వారానికోసారి సైకిలు మీద వచ్చి చెప్పేవారు. పదో తరగతి అలానే రాశాను."

"ఆయనకేమిస్తిరి?"

"మా నాన్న బియ్యం ఇవ్వబోతే తీసుకోలేదు. అప్పట్నుంచి మా నాన్నకు ఆయన మీద అనుమానమే. నేను పాసయ్యాక కూడా పోలేదు."

మా అత్తకు ఆ నాన్న నచ్చినట్టున్నాడు. మొదటిసారి ఆమె మొహం కాస్త విప్పారింది. కొంగు ముడి విప్పి తాళంచెవిని టీచరు ముందు బల్ల మీద పెట్టింది. తప్పయిందని అనలేదు. ఆ మాట ఆమె నోట మా మామ ఉన్నప్పుడూ ఎవరూ వినలేదు.

టీచరు తాళంచెవి వంక చూసి, "సున్నం కొట్టడం అయిపోయిందా?" అంది.

"అయిపొయ్యింది. బుధవారం రా."

బుధవారం ఆమె వచ్చింది. పిల్లలు ముందే చేరారు. ప్రత్యూష పుస్తకాలు దులుపుకుని అందరికంటే ముందు వరసలో కూర్చుంది. సాయంత్రం టీచరుకు చేపల బదులు ఇవ్వడానికని మా అత్త ఒక కొబ్బరికాయ తెచ్చింది, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గీరి, వాసన చూసి, ఈసారి నిజంగానే కొన్నది. పీట ఎప్పటిలాగే తలుపు దగ్గరే వేసింది. కానీ ఈసారి వీపు పిల్లల వైపు, మొహం రోడ్డు వైపు.

"ఏందత్తా, ఇట్టా తిరిగి కూర్చున్నావు?" అన్నాను.

నెత్తళ్ళ తల తుంచుతూ మలుపు వైపే చూస్తోంది. "ఇంక ఆమె వాడికి చేపలియ్యదు గదా" అంది. "వాడు ఒట్టు తప్పితే?"