మరదలిని అడగకుండా తాగిన యంగోనా

2000 మే 19, శుక్రవారం. ఫిజీ రాజధాని సువాలో సాయుధులు పార్లమెంటులో చొరబడి ప్రభుత్వాన్ని బందీ చేసిన తేదీ అది. ఆ తరువాత మా భారతీయుల ఇళ్ళమీద సాగిన అల్లర్లలో, సింగటోకా లోయలోని మా తమ్ముడి ఇంట్లో జరిగినదానికి మాత్రం నా దగ్గర సరైన తేదీ లేదు. తమ్ముడు అప్పటికే పోయాడు. మరదలు ఒంటరిగా ఉండేది. పట్టపగలు కొందరు మగవాళ్ళు లోపలికి వచ్చి, ఆమెను గోడవారగా కూర్చోబెట్టి, పొయ్యిమీది కూర ఆమె ఎదుటే తిని, మేకలను తోలుకుపోయారు.

నేను భూముల కొలత కార్యాలయంలో పనిచేసి విరమించినవాణ్ణి. కబురంది వెళ్ళగానే, ఎంతమంది వచ్చారని అడిగాను. ముందు ఎనిమిదన్నది, మళ్ళీ అడిగితే అయిదన్నది.

"లెక్క తెల్దు బావగారూ. తల ఎత్తలేదు. పాదాలే చూసినాను."

పోలీసులకు నేను రాసిచ్చిన కాగితంలో మేకల సంఖ్య ఉంది. ఆమె మాట లేదు.

కొన్నాళ్ళకు పొరుగు ఫిజియన్ గ్రామపు పెద్ద, తనవారితో కలిసి యంగోనా వేళ్ళ కట్ట తెచ్చి, దంచి నీళ్ళలో కలిపి, తమ ఊరివాళ్ళు చేసినదానికి మన్నింపు కోరాడు. అక్కడి ఆచారం ప్రకారం ఆ పానీయం స్వీకరిస్తే తగవు ముగిసినట్లే, ఇక ఎత్తరాదు. ఆయన కన్నీళ్ళు నిజమైనవే. ఇంటికి పెద్దవాణ్ణి నేనే కనుక కొబ్బరిచిప్ప అందుకుని తాగి, స్వీకరించిన గుర్తుగా మూడుసార్లు చప్పట్లు కొట్టాను. వంటగదిలోకి వెళ్ళి, "అయిపోయిందమ్మా, ఇక భయం లేదు" అన్నాను.

తలుపు సందులోంచి వాళ్ళు కూర్చున్న చాపవైపు చూస్తూ ఆమె మెల్లగా అన్నది: "ఆ చివరాయన కాలిమీద కాలిన మచ్చ ఉన్నాది, చూడండి. కూర తిన్నది ఆయనే. ఇప్పుడెట్లా చెప్పేది? మీరు తాగేసినారు."

"మాట ఇచ్చేశానమ్మా" అన్నాను. అంతకుమించి ఏమీ చేయలేదు. నా గౌరవం నిలిచింది.

ఆ తరువాత ఆమె బట్టలు బయట ఆరవేయడం మానేసింది. వర్షమాపకం పెట్టుకుని రోజూ లెక్క రాసేవాణ్ణి. చినుకైనా పడని నెలలో కూడా ఆ ఇంట్లో తాళ్ళమీద తడిచీరలు వేలాడుతుంటే, ఎందుకని అడగలేదు.

నిరుడు ఆమెతో అన్నాను. "ఆ రోజు నిన్ను అడగవలసిందమ్మా. తప్పు చేశాను."

ఆమె చీర మడత పెడుతూనే ఉన్నది. "అప్పుడు అడిగితే వద్దు అందును బావగారూ. అందుకే అడగలేదు మీరు."