చెలమలో ఎర్రనీళ్లు

డెబ్బైల చివర, నేను పెళ్లై ఉదయగిరి వచ్చిన మొదటి ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం మా ఆయన అవ్వతో కలిసి ఎండిన వాగులోకి నీళ్లకు వెళ్లాను. కొండ మీద ఉరుముతున్నా మా నెత్తిన ఎండే కాస్తోంది. ఇసుకలో తవ్విన చెలమలో రోజూ బొట్టుబొట్టుగా ఊరే నీళ్లు ఆ పూట గబగబా నిండుతున్నాయి.

"అవ్వా, ఈరోజు నీళ్లు బాగా ఊరతా ఉండాయి" అన్నాను సంబరంగా.

అవ్వ తొంగిచూసింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"పైన వాన పడినట్టుండాది. బిందె ఆడనే వదిలేసి గట్టెక్కు" అంది.

నాలుగడుగులు వేసి, పుట్టింటివాళ్లిచ్చిన ఇత్తడి బిందె కదా అని వెనక్కి తిరిగాను. అవ్వ నా జుట్టు పట్టుకుని గట్టు మీదికి ఈడ్చింది. మరుక్షణం తుమ్మకంపలను దొర్లించుకుంటూ వచ్చిన వరద చెలమను, బిందెను మింగేసింది.

ఇప్పుడు ఇంట్లో కొళాయి ఉంది. అందులో నీళ్లు కాస్త ఎర్రగా వస్తే చాలు, నా చెయ్యి జుట్టుముడి మీదికి పోతుంది.