మాతృస్థానంలో మజ్జిగన్నం

ఆపరేషన్‌కి ముందు గుంటూరు డాక్టరుగారు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "చిన్న చిన్న కన్నాలండి, అంతే. రెండు వారాలు ఆగితే మీ ఇష్టం వచ్చినవి తినేయొచ్చు." ఆయన అబద్ధం చెప్పారని అనను. చాలామందికి అలాగే నయమవుతుందట. ఆ చాలామందిలో నేను లేను.

రాళ్లతో నిండిన పిత్తాశయాన్ని తీసేసి ఏడాది దాటింది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒకరోజు ములుకులా గుచ్చుతుంది, ఒకరోజు వీపులోకి పాకి భుజం కింద తిష్ఠ వేస్తుంది. నెయ్యి, నూనె కాస్త ఎక్కువైతే చాలు, కడుపులో గడబిడ మొదలై పరుగు పెట్టిస్తుంది. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా ఏ పెట్రోలు బంకులో బాత్రూమ్‌కి గొళ్లెం ఉందో, ఏ బంకులో నీళ్లు రావో నాకు కంఠతా వచ్చు. స్కానింగులు తీశారు, రక్తం పరీక్షించారు. "అంతా నార్మలేనండి" అన్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. నార్మలైతే నేనెందుకు అర్ధరాత్రీ అపరాత్రీ మంచం దిగి వసారాలో తిరుగుతున్నాను?

ఇక ఊళ్లోవాళ్ల వైద్యం సరేసరి. అందరిదీ ఒకటే మాట, గ్యాస్. వాము నమలమనేవాళ్లు, సోడా తాగమనేవాళ్లు, కారం మానెయ్యమనేవాళ్లు. చుట్టూ మిరప కల్లాలున్న ఊళ్లో కూర్చుని కారం మానెయ్యమనడం ఎంత తేలికో! అసలు నాకు పడనిది కారం కాదు, నెయ్యి అని చెబితే ఎవరూ నమ్మరు. "నెయ్యి చలవ కదండీ" అంటారు.

నాకు నెయ్యి పడకపోవడం ఇంటి గొడవ మాత్రమే అయితే సరిపోయేది. నా బతుకుతెరువే తిండి. నేను భోక్తను. ఎవరింట్లోనైనా తల్లికో తండ్రికో ఆబ్దికం పెడితే, చనిపోయినవారి స్థానంలో కూర్చుని, వారికోసం వండినవన్నీ నేను తింటాను. నేను తృప్తిగా తింటే వాళ్లు తిన్నట్టు. చివర్లో ఇంటి యజమాని "తృప్తాః స్థ?" అని అడుగుతాడు, మీకు తృప్తి అయిందా అని. భోక్తలం "తృప్తాః స్మః" అనాలి, తృప్తి అయింది అని. ఆ ఒక్క జవాబు కోసమే అంత వంట, అంత మడి. గారెలు, అప్పాలు, పరమాన్నం, అన్నిటి మీదా నెయ్యి. ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం ఉన్న కడుపులో అవన్నీ పడాలి.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల భోక్త అంటే నా పేరే చెప్పేవారు. వండిన ఇల్లాలు మురిసిపోయేలా తినేవాణ్ణి. ఆపరేషన్ సంగతి ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. నాకు జోడీగా రెండో విస్తరి ముందు కూర్చునే స్నేహితుడికి మాత్రం తెలుసు. ఇద్దరం ఒకే పాఠశాలలో వేదం చెప్పుకున్నాం. ఆసుపత్రికి పలకరించడానికి వచ్చి మంచం పక్కనే నవ్వాడు.

"పిత్తం లేనివాడివి పితృస్థానంలో ఎలా కూర్చుంటావురా? అంగహీనుడు భోక్తగా పనికిరాడు, తెలుసుగా?"

"అది కంటికి కనపడే అంగాల సంగతిరా," అన్నాను.

"మరి కనపడదుగా, నోరెత్తకు," అని నవ్వడం మానేశాడు. "ఎవరికైనా తెలిసిందంటే నిన్ను పిలవరు. ఇద్దరం కలిసి తిరిగేవాళ్లం, నాకూ ఇబ్బందే."

నవ్వులాటకి అన్న మాట నా మెదడులో నాటుకుపోయింది. ఎవరైనా తెలుసుకుని వెనక్కి పంపేస్తారేమోనని భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. విస్తరి ముందు భోక్తకి వాంతి అయితే ఆ ఆబ్దికం చెడినట్టే, మళ్లీ పెట్టుకోవాలి. ఒక కొడుకు తన తల్లికి పెట్టుకున్న అన్నాన్ని నా కడుపు పాడుచేస్తే నేనేం సమాధానం చెప్పను?

ఈ మాఘంలో పర్చూరు వైపు ఒక ఊరికి వెళ్లాం. రిటైరైన హెడ్మాస్టరుగారి ఇల్లు, వాళ్లమ్మగారి ఆబ్దికం. దారి పొడుగునా పత్తికట్టె పీకేసిన చేలు, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఆ ఘాటుకి స్నేహితుడు బండి మీద తుమ్ముతూనే ఉన్నాడు. నాకు తుమ్మాలన్నా భయమే, తుమ్మితే పక్కటెముక కింద పట్టేస్తుంది.

ఆ ఇల్లు నాకు పాతదే. ఆ పెద్దావిడ భర్త ఆబ్దికాలకి ఏటా వెళ్లేవాణ్ణి. గుమ్మం పక్కన పీట మీద కూర్చుని ఆవిడ నా విస్తరినే కనిపెట్టుకుని ఉండేది. "ఆయన విస్తట్లో గారె అయిపోయింది, చూడవే కోడలా!" అని కేక వేసేది. ఇప్పుడు ఆ పీట ఖాళీగా ఉంది, ఆవిడ స్థానంలో నేనున్నాను. నాకు దుఃఖం వచ్చింది.

హెడ్మాస్టరుగారు నా బొటనవేలు పట్టుకుని ఒక్కొక్క పదార్థానికీ తాకించి, తల్లికి అర్పించారు. కోడలుగారు పప్పు మీద నెయ్యి ధారగా పోసింది. మొదటి ముద్దలు బాగానే దిగాయి. గారె కొరికేసరికి నొప్పి లేచింది. మామూలుగా వచ్చే నొప్పి కాదు, ఊపిరి ఆడనివ్వలేదు. నుదుట చెమట పట్టింది. భోజనం మధ్యలో భోక్త మాట్లాడకూడదు. కోడలుగారు మరో గారె వెయ్యబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. అప్పాలకీ అడ్డం పెట్టాను. పక్క విస్తరి ముందు నుంచి స్నేహితుడు నన్ను గుడ్లురిమి చూస్తున్నాడు.

"గురువుగారూ, మీరసలేం తిన్లేదు. గారెలంటే అమ్మకి ప్రాణమండి," అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన మొహం చిన్నబోయింది. పద్ధతి తప్పకూడదని కాబోలు, చేతులు జోడించి అడిగారు. "తృప్తాః స్థ?"

స్నేహితుడు చప్పున జవాబిచ్చాడు. అన్నన్ని ఇళ్లలో నోటికి అలవాటైన రెండు ముక్కలు, ఆవిడ పీట ఎదురుగా అబద్ధంగా అనలేకపోయాను.

"నాకు గాల్ బ్లాడర్ తీసేశారండి," అన్నాను. "అప్పట్నుంచీ నెయ్యి పడట్లేదు. ఇక్కడ పట్టేస్తుంది. వంటలో లోపం కాదు. నేనిక్కడ కూర్చోకూడదంటే చెప్పండి, లేస్తాను."

స్నేహితుడు కళ్లు మూసుకున్నాడు. హెడ్మాస్టరుగారు నా విస్తరి కేసి, ఇంకా అడ్డంగానే ఉన్న నా చేతి కేసి చూశారు.

"అమ్మ కూడా ఇట్టాగే చెయ్యి అడ్డం పెట్టేదండి," అన్నారు. "ఆఖరి ఏడంతా. 'నెయ్యి వద్దురా, పట్టేస్తోంది' అనేది. గ్యాసేలే అమ్మా, తింటేనేగా ఓపికొచ్చేది అని నేనే కలిపి నోట్లో పెట్టేవాణ్ణి. లోపల జబ్బు ముదిరిందని తెలిసేసరికి చాలా ఆలస్యమైందండి. మజ్జిగన్నం పెట్టరా అని ఎన్నిసార్లడిగిందో."

ఆయన లోపలికి వెళ్లి పల్చటి మజ్జిగ తెచ్చారు. మడిబట్టతో నేల మీద కూర్చుని, నా విస్తట్లో వేడన్నం వడ్డించి, మజ్జిగ పోసి, "ఇది తినండి" అన్నారు. మెత్తగా పిసుక్కుని నిదానంగా తిన్నాను. ఆయన పక్కనే కూర్చుని ప్రతి ముద్దా చూశారు. వడ్డించడానికి వచ్చిన కోడలుగారు గుమ్మంలోనే ఆగిపోయింది. విస్తట్లో మజ్జిగన్నం ఒక్క మెతుకు మిగల్చలేదు.

"తృప్తాః స్థ?"

"తృప్తాః స్మః," అన్నాను. నిజంగానే అన్నాను.

నొప్పి మాత్రం నా మాట వినలేదు. లేచేటప్పుడు కుడిపక్క పట్టుకుని వంగిపోయాను. దొడ్లో అరుగు మీద చేతులు కడుక్కుంటుంటే ఆయన చెంబు పట్టుకుని వెనకే వచ్చారు.

"ఇంకా నొప్పిగా ఉందా అమ్మా?" అన్నారు.

ఏమన్నారో ఆయనకి తెలియలేదు. ఏడాదిగా ఎవరడిగినా, మా ఆవిడ అడిగినా, ఫర్వాలేదు అంటూ వచ్చినవాణ్ణి.

"ఉంది నాయనా," అన్నాను.

ఆయన తల వంచుకుని నా చేతుల మీద నీళ్లు పోస్తూనే ఉన్నారు.