నట్టుకి నేనిచ్చిన సలహా

ఆఁ, ఎక్కడ ఆపాను? నట్టు దగ్గర కదూ! వాడిప్పుడు సైన్యంలో లారీలు బాగుచేసే మెకానిక్కు. నా క్లాసులో ఉన్నప్పుడు బెంచీల నట్లన్నీ విప్పేసేవాడు. ఓ రోజు నా కుర్చీదీ విప్పాడు. దభీమని కూలబడి, అందరికంటే ముందు నేనే పడీపడీ నవ్వాను. ఆ పేరు పెట్టిందీ నేనే. ఎంత ఎదిగినా, దరఖాస్తు రాయాలంటే వాడికి నేనే దిక్కు.

పాప పుట్టిన రోజున క్యాంపు నుంచి ఫోన్ చేశాడు.

"టీచరుగారూ, తండ్రులకి పదిహేను రోజులు సెలవిస్తారట. ఏం రాయాలో చెప్పండి, రాసుకుంటాను."

"తొందరెందుకురా? ఇప్పుడెళితే అది కళ్ళు కూడా సరిగ్గా తెరవదు. బోర్లాపడనీ, నిన్ను చూసి నవ్వనీ. అప్పుడెళ్ళు."

"అంతేనంటారా?"

"నలుగుర్ని కన్నదాన్ని, నాకు తెలీదూ!"

కనడం తెలుసు గానీ సైన్యం నిబంధనలు నాకేం తెలుసు? పాపకి ఏడో నెల వచ్చాక తీరిగ్గా చెప్పి రాయించాను. ఎంత ముచ్చటగా కుదిరిందనుకున్నారు! ఆఫీసు గుమస్తా చదివి, "బాగానే రాశావు తమ్ముడూ, ఆర్నెల్లు దాటితే ఈ సెలవు పోయినట్టే" అన్నాడట. మామూలు సెలవు దొరికి వాడు ఇల్లు చేరేసరికి పాప నడుస్తోంది.

నిన్న కూరగాయల దుకాణంలో వాడి భార్య కనబడింది. పాప చంకలో ఉంది.

"మీ శిష్యుడు లారీల పాఠం బాగానే నేర్చుకున్నారండీ" అంది నన్ను చూడగానే. "లారీ ఆగిపోతే పరిగెత్తుతారు. నేను మాత్రం కుట్లు మానకముందే బకెట్లతో మూడంతస్తులు నీళ్ళు మోశాను. ఆ పదిహేను రోజులూ కావలసింది నాకు టీచరుగారూ, పాపకి కాదు. ఎందుకు రాలేదని ఇప్పటికీ అడుగుతాను. 'నాకే తోచలేదు' అంటారు. ఆ మనిషితో ఇంకేం మాట్లాడతాం?"

నా కాన్పులన్నిటికీ మంచం పక్కన మా అత్తగారుంది. ఈ పిల్లకి ఎవరున్నారు? ఆ సంగతే నాకు తట్టలేదు. వాడేమో నా పేరు కూడా ఎత్తకుండా తప్పంతా నెత్తినేసుకున్నాడు. పోనీ, అప్పుడైనా నోరు విప్పానా? "మగాళ్ళంతేనమ్మా" అన్నాను! పైగా నవ్వాను కూడా.

ఈపాటికి ఆమె పాపని పడుకోబెట్టి ఉంటుంది. ఫోన్ చేస్తాను. "అమ్మాయ్, వాణ్ణి ఆగమన్నది నేనే" అని ముందు చెప్పేస్తాను. ఆ తర్వాత ఎంత తిట్టినా వింటాను.