గుండుసూదుల దిండు

ఆ వీధిలో ఆమెను అందరూ కుట్టు అక్క అనే పిలుస్తారు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం: ఒక తొక్కుడు మిషను, కత్తిరింపు బల్ల, నిలువుటద్దం. అద్దం పక్కన మేకుకు, మణికట్టుకు కట్టుకునే చిన్న గుడ్డ దిండు వేలాడుతుంటుంది. దాని నిండా గుండుసూదులు. అక్క భర్త చనిపోయిన ఈ ఏడు నెలల్లో వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ఏడు నెలలుగానే అక్కకు తలనొప్పి. పదకొండు గంటలకల్లా కణతల దగ్గర మొదలై, మెడ వెనక్కి పాకి, తలకు తాడు చుట్టి లాగినట్టు పట్టేసేది. డాక్టరు అన్నీ చూసి, "భయపడాల్సిందేం లేదమ్మా, కండరాలు బిగుసుకుపోతున్నాయి. కాస్త స్థిమితంగా ఉండండి" అన్నాడు. ఆ స్థిమితం ఏ కొట్లో దొరుకుతుందో మాత్రం చీటీ మీద రాయలేదు.

ఇక వీధంతా వైద్యులే. ఇస్త్రీ ఆయన పుదీనా నూనె రాయమన్నాడు. పాలావిడ అల్లం దంచి మరిగించి తాగమంది. ఎదురింటి పెద్దాయన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నుదుటి మీద తడిగుడ్డ వేసుకోమన్నాడు. అక్క ఎవరి మాటా కాదనలేదు. ఒకరోజు మిషను కిందే వేడినీళ్ళ బేసిను పెట్టుకుని, తీరా తొక్కడానికి మూడో కాలు లేదని గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంది. ఏ వైద్యమైనా గంటసేపు పనిచేసేది. మళ్ళీ సూదీ దారం పట్టుకుంటే మొదటికొచ్చేది.

సెలవురోజున కూతురు వచ్చింది. వస్తూనే, "ఈ మిషను అమ్మేసి నాతో వచ్చెయ్యమ్మా" అంది. అప్పటికే బడి టీచరమ్మ కొత్త గౌను వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. అక్క కింద కూర్చుని, పెదవుల మధ్య పది గుండుసూదులు బిగించి, ఒక్కొక్కటే తీసి అంచుకు గుచ్చుతోంది.

కూతురు వెనక కూర్చుని తల్లి కణతలు నొక్కబోయి ఆగిపోయింది.

"అమ్మా, దవడ రాయిలా ఉందేంటి? పళ్ళెందుకలా బిగబట్టావు?"

"ఊఁ" అంది అక్క. నోట్లో సూదులున్న మనిషి అంతకన్నా ఏమంటుంది!

"పొద్దుట్నుంచీ ఇలాగేనా? రోజూనా? తియ్యి ముందు."

అక్క సూదులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. నోరు ఖాళీ అయినా పళ్ళు విడలేదు. అలా బిగించి ఉంచుతున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది.

"అంత మంచి దిండు ఉండగా నోట్లో ఎందుకమ్మా?" అంటూ కూతురు మేకు వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!"

ఆ అరుపుకు టీచరమ్మ కూడా ఉలిక్కిపడింది.

"అవి మీ నాన్న గుచ్చినవి," అంది అక్క, గొంతు తగ్గించి. "ఆఖరి రోజు ఆయన చేత్తో గుచ్చినవి."

ఇరవై ఆరేళ్ళు ఆయన కత్తిరిస్తే ఆమె కుట్టింది. అంచులు మడిచేటప్పుడు ఆయన మణికట్టుకు ఆ దిండు కట్టుకుని పక్కన నిలబడేవాడు. ఆమె చూడకుండా చెయ్యి చాపితే చాలు, సూది వేళ్ళలోకి వచ్చేది.

కూతురు చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది: "అలాగే ఉంచుకో అమ్మా. కానీ ఈ నొప్పితో నువ్వు ఇంకో ఆరు నెలలు కుట్టలేవు. అప్పుడు నాన్న దుకాణమే ఉండదు."

అక్క లేచింది. దిండు తీసి చేతికి కట్టుకుంటే వదులై మోచేతికి జారింది. మిషను దగ్గర కూర్చుని, ఆయన కొలతకున్న పట్టీని తన కొలతకు మడిచి కుట్టుకుంది. తిరిగొచ్చి అంచు పట్టుకుని, దిండులోంచి మొదటి సూది లాగింది.

నోట్లో సూదులున్న మనిషిని ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు టీచరమ్మ అడిగింది: "ఆయన ఎలా పోయారక్కా?"

అక్క చేతిలో సూదిని అంచుకు గుచ్చి నోరు విప్పింది.

"ఇలాగే అంచు మడుస్తున్నాను. సూది కోసం చెయ్యి చాపాను. రాలేదు. తల తిప్పకుండానే విసుక్కున్నాను, 'నిద్రపోతున్నావా?' అని. అప్పటికే గోడకు ఆనుకుని..."

అక్క నోరు తెరిచి, చిన్నపిల్లలా, గట్టిగా ఏడ్చింది. ఆ విసుక్కున్న సంగతి కూతురు వినడం అదే మొదటిసారి.