ఘాటు రాని మిరపకాయలు

ఉదయం ఏడుంబావుకి వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టాను. టైము కచ్చితంగా చెప్పగలను. మా చెల్లెలు సుజాత ఫోన్‌లో మందుల అలారం సరిగ్గా అప్పుడే మోగింది. అలారం ఆపి, మాత్ర వేసేముందు ఆమెకి నాలుగు చెంచాల జావ పట్టాలి. నెలల తరబడి చేస్తున్న పనే. ఆ పూట కూడా అంతే అనుకున్నాను.

మిగతాది రాసేముందు ఒక మాట. దయ్యాలు, ఆత్మలు, చేతబడులు నేను నమ్మను. నరసరావుపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. చిన్నప్పుడు నమ్మలేదు, చెల్లెలు పోయాక కూడా నమ్మలేదు. ఇలాంటివి రాసేవాళ్ళందరూ ముందుగా ఈ మాటే అంటారని నాకు తెలుసు. అయినా నా విషయంలో అది నిజం కాబట్టి రాస్తున్నాను.

సుజాత నాకంటే ఆరేళ్ళు చిన్నది. పెళ్ళి నిలవలేదు. తిరిగొచ్చి అమ్మా నేనూ ఉంటున్న ఇంట్లోనే ఉండి, ముందుగదిలో కారం మిల్లు పెట్టుకుంది. మా వీధి వీధంతా ఆమె పట్టిన కారమే తినేవాళ్ళు. మాటకారి. మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు కలిపి తెచ్చినవాళ్ళని ముఖం మీదే దులిపేసేది, వాళ్ళే మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు.

పొడి దగ్గుతో మొదలైంది. కారం మిల్లు నడిపే మనిషికి దగ్గు వింతేమీ కాదని మేమూ పట్టించుకోలేదు, ఆమె కూడా పట్టించుకోలేదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేదాకా వచ్చాక గుంటూరు తీసుకెళ్ళాను. ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోతున్నాయన్నారు. గట్టిపడిన చోట మళ్ళీ మెత్తబడదు. మందులతో నెమ్మదింపజేయగలం గానీ వెనక్కి తిప్పలేం అన్నారు. కారం దుమ్ము వల్లనా అని అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, ఇప్పుడు చెప్పలేం అన్నారు.

మిల్లు అమ్మేశాం. ముందుగది కడిగించి, సున్నం వేయించాం. ఇంట్లో కారం డబ్బా, పచ్చడి జాడీ, తాలింపు గింజల్లో ఎండుమిర్చి, ఏదీ ఉంచలేదు. అగ్గిపుల్ల గీసినా ఆమెకి దగ్గు తెర వచ్చేది, తగ్గడానికి చాలాసేపు పట్టేది. ముగ్గురం మిరియాల చారు, పెసరకట్టుతో సరిపెట్టుకున్నాం. "పల్నాట్లో పుట్టి పత్యం కూడు తింటన్నాం, బయట చెప్పమాకండి, పరువు పోద్ది" అనేది సుజాత.

ఆ ఆసుపత్రిలోనే ఒక పరిశోధన జరుగుతోంది. ఈ జబ్బుకి కొత్త మందు ఒకటి వచ్చింది. ఇంతకుముందు దాన్ని ఎక్కువగా పెద్దవయసు మగవాళ్ళలో పరీక్షించారట. ఆడవాళ్ళలో, వయసులో ఉన్నవాళ్ళలో, బరువు తక్కువున్నవాళ్ళలో అది ఎంతవరకు పని చేస్తుంది, ఎంతవరకు తట్టుకుంటారు అన్నది తేల్చుకోవాలి. ఒక గుంపుకి కొత్త మందు, ఇంకో గుంపుకి ఇప్పటిదాకా వాడుతున్న మందు ఇస్తారు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏది వెళుతోందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఇదంతా మాకు ఒక డాక్టరమ్మ ఓపిగ్గా తెలుగులో చెప్పింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చని కూడా చెప్పింది.

నేను ఆలోచించుకోమన్నాను. సుజాత అక్కడే ఒప్పుకుంది. "నాలాంటోళ్ళ సంగతి వాళ్ళకి తెలియదంటగా అక్కా. తెలుసుకోనీ" అంది.

అమ్మకి ఇది మింగుడుపడలేదు. ఏ మందో తెలియకుండా మందు మింగడమేంది, ఇచ్చేవాడికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని దారంతా అడుగుతూనే ఉంది. బస్సు దిగేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. తన వైద్యం తను చేస్తుంది.

అమ్మ వైద్యమంటే దిష్టి తీయడం. మా వీధిలో పసిబిడ్డకి పాలు పట్టకపోయినా, బాలింతకి జ్వరం తగిలినా అమ్మ దగ్గరికే తీసుకొచ్చేవాళ్ళు. గుప్పెట్లో ఎండు మిరపకాయలు, రాళ్ళ ఉప్పు పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తుంది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే ఉన్నట్టు. ఘాటుని దిష్టి మింగేసిందని లెక్క.

ఇంట్లో మిరపకాయ లేదు కాబట్టి పక్కింటి మరియమ్మక్కని అడిగి తెచ్చుకుంది. మరియమ్మక్క మిషను స్కూల్లో టీచరు. ఇలాంటివి ఆమె నమ్మదు, అయినా అమ్మ అడిగితే కాదనలేదు. సుజాత చుట్టూ తిప్పి, పెరటి చివరికి, గాలి ఇంటి వైపు రాని చోటికి తీసుకెళ్ళి కుంపట్లో వేసింది. కాయలు నల్లబడి, ముడుచుకుని బూడిదయ్యాయి. ఘాటు రాలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నాకు చిన్న తుమ్ము కూడా రాలేదు.

కాయలు చెమ్మబారి ఉంటాయన్నాను. అదే పొట్లంలో మిగిలిన కాయలు రెండు తీసి అదే కుంపట్లో వేశాను. క్షణంలో పెరడంతా ఘాటు కమ్ముకుంది. గోడ అవతల నుంచి మరియమ్మక్క దగ్గుతూ, "ఏంది పిన్నీ, కాయలిచ్చింది నేనేగా, ఆ పొగ నాకే పెడతన్నావా" అంది. సుజాత లోపల తలుపులు వేసుకుని నవ్వింది. నవ్వినందుకు దగ్గింది.

తర్వాతి వారం ఆ ఆలోచన సుజాతదే. డాక్టరమ్మ చెప్పినట్టే చేద్దాం అంది. ఒకే పొట్లంలో కాయల్ని రెండు కాగితాల్లో చుట్టింది. ఒకటి అమ్మ చేత తన చుట్టూ తిప్పించుకుంది, రెండోది తిప్పలేదు. రెండింటినీ తనే అటూ ఇటూ మార్చి, పైన ఒకటి, రెండు అని వేసి, ఏది ఏదో తను మాత్రమే గుర్తుపెట్టుకుని నాకిచ్చింది. నేను పెరట్లో ఒకదాని తర్వాత ఒకటి వేసి, దేనికి ఘాటు వచ్చిందో వచ్చి చెప్పాను. తిప్పినదానికి ఘాటు రాలేదు.

మళ్ళీ చేశాం. ఆ తర్వాత కూడా చేశాం. ఒకసారి పొట్లాలు నేను మార్చి అమ్మ చేత వేయించాను, కాయలు వేరే కొట్లో కొన్నాను. ఎప్పుడూ అదే. సుజాతకి ఇది గొప్ప కాలక్షేపమైంది. "గుంటూరోళ్ళకి ఇంకా తేలలా. అమ్మకి తేలిపోయింది. నేను దిష్టి గుంపు" అనేది. నాకు మాత్రం మూడోసారి నుంచి నవ్వు రావడం మానేసింది. కారణం దొరకని విషయం ఇంట్లో ఉండటం నాకు నచ్చదు. పుస్తకాలు తిరగేశాను, కెమిస్ట్రీ చెప్పే ఆయన్ని అడిగాను. ఆయన తేమ అన్నాడు, నిప్పు వేడి అన్నాడు. అవన్నీ రెండు పొట్లాలకీ సమానమే కదా అంటే ఇంకోసారి చేసి చూడమన్నాడు.

మొదటి నెలల్లో మందు పనిచేస్తున్నట్టే ఉంది. గొట్టంలో ఊదించే పరీక్షలో సుజాత ఊపిరి తగ్గలేదు. తర్వాత విరేచనాలు, వాంతులు. అసలే సన్నటి మనిషి, అన్నం సహించక ఇంకా చిక్కిపోయింది. మోతాదు తగ్గించారు. లివరు పరీక్షలు తేడాగా వచ్చాయి, మిగతా మాత్రలు ఉంచి ఆ మందు ఆపేశారు. ఆపాక జబ్బు ముదిరింది. వానలు మొదలయ్యేసరికి ఇంటికి ఆక్సిజన్ మిషను వచ్చింది. దాన్ని బిగించినతను దగ్గర్లో నిప్పు ఉండకూడదని గట్టిగా చెప్పడంతో అమ్మ కుంపటి అంటించడం మానేసింది. పెరట్లో కూడా. అంటే నేను చెప్పబోయే రోజుకి కొన్ని వారాలుగా మా ఇంట్లో కుంపటీ లేదు, మిరపకాయా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు వాన పడుతోంది. కిటికీలన్నీ వేసే ఉన్నాయి. అమ్మ సుజాత తల దగ్గర కూర్చుంది. మరియమ్మక్క స్కూలుకి వెళ్ళేముందు రోజూ ఒకసారి వచ్చి చూసి వెళ్ళేది, అప్పుడే వచ్చింది. నేను అలారం ఆపి జావగిన్నె అందుకున్నాను. సుజాత కళ్ళు మూసుకుని ఉంది. మిషను మామూలుగానే శబ్దం చేస్తోంది.

ముందు నాకే గొంతు పట్టేసింది. ఎండు మిరపకాయ నిప్పుల మీద మాడితే వచ్చే ఘాటు ఎలా ఉంటుందో మా వైపు మనిషికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఒకటి రెండు కాయల ఘాటు కాదది, బస్తా అంటుకున్నట్టు ఉంది. పొగ మాత్రం లేదు. మరియమ్మక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎవరే మాడుస్తంది?" అంది. అమ్మ దగ్గుతూనే, "దానికి ఊపిరాడదు, తలుపులు తియ్యండే" అంది.

పరుగెత్తి వీధి తలుపు తీశాను, కిటికీలు తీశాను. మరియమ్మక్క తుండుగుడ్డ తడిపి సుజాత ముక్కు దగ్గర పెట్టబోయింది. అమ్మ చేత్తో గాలి విసురుతోంది. ముగ్గురం కళ్ళ వెంట నీళ్ళు కారుతూ, దగ్గుతూ, ఆమెని ఆ ఘాటు నుంచి కాపాడాలన్న ఒక్క కంగారులో ఉన్నాం.

మరియమ్మక్క చెయ్యి ఆగిపోయింది.

సుజాత దగ్గడం లేదు. అగ్గిపుల్లకి దగ్గే మనిషి అంత ఘాటులో కదలకుండా పడుకుని ఉంది.

అలా తెలిసింది మాకు. అప్పటికే ముగ్గురి ముఖాలూ తడిసి ఉన్నాయి. ఏడుపు ఎక్కడ మొదలైందో నేను చెప్పలేను.

తర్వాత వెతికాను. ఆ రోజు కాదు, చేయవలసినవన్నీ అయ్యాక. పొయ్యి మీద పాలు పొంగకముందే ఎవరో ఆపేశారు, మాడలేదు. బర్నరు విప్పి చూశాను. ముందుగదిలో మిల్లు ఉన్న చోట గోడ పగుళ్ళలో పాత కారం ఏమైనా మిగిలిందేమోనని గీకి చూశాను. మిగిలి ఉన్నా, నిప్పు లేకుండా ఆ ఘాటు రాదు. అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు అడిగాను. ఆ పూట ఎవరూ మిరపకాయలు వేయించలేదు, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ ఘాటు తగలలేదు. మా అరుపులు విని వచ్చిన ఇద్దరు మాత్రం గడపలోనే దగ్గారు. ఆ రోజు మధ్యాహ్నం మిషను తీసుకెళ్ళడానికి వచ్చినతను గొట్టాలు చుడుతూ తుమ్మి, ఇంత జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఏం వేయించారండీ అని కోపంగా అడిగాడు.

కొన్ని నెలలకి, సుజాత ఇంట్లో పరీక్షకి ఊదే పరికరం తిరిగి ఇవ్వడానికి గుంటూరు వెళ్ళాను. డాక్టరమ్మ కూర్చోమంది. పరిశోధన పూర్తయింది, ఎవరికి ఏ మందు ఇచ్చారో బయటపెట్టారు. సుజాతకి ఇచ్చింది కొత్త మందే. మందు మంచిదేనట, చాలామందిలో జబ్బు నెమ్మదించిందట. బరువు తక్కువున్న ఆడవాళ్ళు మాత్రం ఆ మోతాదు తట్టుకోలేకపోయారు. ఇకమీదట వాళ్ళకి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఆమె ఇదంతా బల్ల వైపు చూస్తూ చెప్పింది. చివరికి, "మీ చెల్లెలు లాంటివాళ్ళ వల్లే ఇది తెలిసిందండీ" అంది.

నేను ఆమెకి ఆ ఉదయం సంగతి చెప్పాను. అంతా విని, తీవ్రమైన బాధలో అక్కడ లేని వాసనల్ని మెదడు ఉన్నట్టు చూపిస్తుంది అంది. ముగ్గురికీ ఒకేసారా, తర్వాత వచ్చినవాళ్ళకి కూడానా అని అడిగాను. "నాకు తెలియదండీ" అంది. ఆ మాట అనగలిగినందుకు ఆమె మీద గౌరవం కలిగింది.

ఇంటికొచ్చి అమ్మకి రెండూ చెప్పాను. మందు సంగతి విని, "అది కోరుకున్నదేగా, తెలుసుకున్నారు" అంది. ఘాటు సంగతి దగ్గర మాత్రం నా మాట పూర్తి కానివ్వలేదు.

"ఎవరికో తెలియకపోతే ఏందే. నాకు తెలుసు. నేను తీసిన దిష్టి, అది మింగిన ఘాటు అంతా బయటికి పోయిందనుకున్నా. ఎటూ పోలా. ఈ ఇంట్లోనే, దాని మంచం పక్కనే ఉంది. నేనే పోగేశా."

కాదమ్మా అన్నాను. మరి ఏందో చెప్పు అంది. చెప్పలేకపోయాను.

నేను ఇది రాయడానికి కారణం అదొక్కటే. అది దయ్యమని ఎవరినీ నమ్మించాలని లేదు. చదివినవాళ్ళలో ఎవరికైనా సరైన కారణం తోస్తే, డెబ్భై ఏళ్ళు దాటిన మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, నేను అమ్మ పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. ఈలోగా నేను నమ్మని కారణమే ఆమెకి మిగిలింది.

మొన్న మరియమ్మక్క ఎదురింటివాళ్ళ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. చంకలో బిడ్డ ఒకటే ఏడుపు. తను నమ్మకపోయినా అమ్మని మళ్ళీ మనుషుల్లో పడేయాలని మరియమ్మక్క ఆలోచన, నాకు తెలుసు. ఆ అమ్మాయి కాయలు, ఉప్పు కొంగులో మూట కట్టుకుని తెచ్చింది. అమ్మ బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది, వీపు నిమిరింది, ఏడుపు తగ్గాక తల్లికి తిరిగి ఇచ్చింది. మూట ముట్టుకోలేదు.

ఆమె ఇప్పుడు ఎవరికీ దిష్టి తీయడం లేదు.