పళ్ళు లేని మౌత్ ఆర్గాన్

ధవళేశ్వరంలో మా ప్రార్థనా మందిరానికి వచ్చే పెద్దాయన నలుగురిలో ఏం మాట్లాడాలన్నా చెప్పులు విడిచి, లేచి నిలబడేవారు. కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఫోన్లో బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ళ బాధ పాటలు విన్న రోజు నుంచీ మౌత్ ఆర్గాన్ మీద ఆ మూలుగు నేర్చుకోవాలని ఒకటే పట్టు. "అచ్చం మన ఉపవాస ప్రార్థనలా ఉందండి," అనేవారు.

ఆన్‌లైన్‌లో నేర్పే విశాఖ టీచరుగారికి వాయిస్ మెసేజ్ పెడదామని నేను ఫోన్ పట్టుకుంటే, ఆయన చెప్పులు విడిచి లేచి నిలబడి, మందిరంలో చెప్పినట్టే సాక్ష్యం మొదలుపెట్టారు.

"ప్రభువు నామంలో వందనాలండి. నాకు డెబ్బై రెండేళ్ళు. కట్టుడు పళ్ళతో వాయిస్తే గాలి నిలవట్లేదు, తీసేస్తే బానే ఉంది. నన్ను చేర్చుకుంటారా అమ్మా?"

అలవాటుగా నేను "ఆమెన్" అన్నాను. అదీ రికార్డయింది.

రెండు రోజులు ఆయనకు అన్నం సహించలేదు. మూడో రోజు జవాబొచ్చింది. "పళ్ళు తీసే వాయించండి తాతగారూ. సోమవారం క్లాసు."

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చక్కెరకేళి అరటిపళ్ళతో మా ఇంటికొచ్చారు. తెరమీద టీచరుగారు కనబడగానే ఆ అరటిపళ్ళు ఫోను ముందు పెట్టి, "ఇవి మీకేనమ్మా," అన్నారు.

"నా వాటా మీరే తినండి, కానీ పాఠం అయ్యాకే. తీపి నోటితో వాయిస్తే లోపలి రేకులు, అదే రీడ్లు, జిగటపట్టి పాడైపోతాయండి," అని ఆవిడ నవ్వారు.

"దారిలో ఒకటి తినేశానమ్మా! ఉండండి, పుక్కిలించి వస్తా," అంటూ పెద్దాయన పెరట్లోకి పరుగెత్తారు.